అట్ట దిగుమతులపై కనీస ధర 2026 మార్చి 31 తర్వాత కూడా కొనసాగాలా?

గోదావరి_గట్టు:
మందుల పెట్టెలకు, సబ్బు పెట్టెలకు, పుస్తకాల అట్టలకు వాడే వర్జిన్ మల్టీలేయర్ పేపర్ బోర్డుపై (తాజా గుజ్జుతో పొరలు పొరలుగా చేసే అట్ట) కేంద్రం 2025 ఆగస్టులో కనీస దిగుమతి ధర విధించింది. సరుకు, బీమా, ఓడ రవాణా అన్నీ కలిపి టన్ను రూ.67,220 కంటే తక్కువ పడే బోర్డును దిగుమతి చేసుకోవడానికి వీలులేదని ఆ ఉత్తర్వు. ఈ ఉత్తర్వుకు 2026 మార్చి 31 వరకు గడువు పెట్టారు. ఇండోనేషియా, చైనాల నుంచి అన్యాయమైన ధరకు బోర్డు వచ్చిపడుతోందని మన మిల్లులు చాలా ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నాయి. కనుక దీన్ని పొడిగించాలా, దీని స్థానంలో డంపింగ్ (తమ దేశంలో అమ్మే ధర కంటే తక్కువకు ఇక్కడ అమ్మడం) వ్యతిరేక సుంకం, అక్కడి ప్రభుత్వ రాయితీకి విరుగుడైన సబ్సిడీ వ్యతిరేక సుంకం తేవాలా, లేక మొత్తంగా ఎత్తేయాలా అన్నది సభ్యుల ముందు పెడుతున్నాను. సారపాక వంటి చోట ఊరి బతుకంతా మిల్లు చుట్టూ అల్లుకుని ఉంటుంది కాబట్టి, నా మటుకు పొడిగించాలనే అంటాను.

జీడిమెట్ల_పెట్టెలు:
పొడిగించకూడదు. మాది మందుల కంపెనీలకు పెట్టెలు చేసే చిన్న యూనిట్. మా ఖర్చులో సగానికి పైగా బోర్డుకే పోతుంది. ఉత్తర్వు వచ్చిన కొద్ది వారాలకే దేశీ మిల్లు డీలరు కొత్త ధరల పట్టిక పంపాడు. మందుల కంపెనీతో మాకున్నదేమో ఏడాది ఒప్పందం, మధ్యలో ధర మార్చమంటే వాళ్లు ఒప్పుకోరు. దీనికి తోడు సెప్టెంబరు 22 నుంచి బోర్డుపై జీఎస్టీ 18 శాతానికి పెరిగింది, పెట్టెపై 5 శాతానికి తగ్గింది. కొనేటప్పుడు 18 కట్టి అమ్మేటప్పుడు 5 వసూలు చేసుకుంటే, మధ్యలో చిక్కుకున్న సొమ్ము రీఫండు రూపంలో వచ్చేదాకా మేము బ్యాంకుకు వడ్డీ కడుతూ కూర్చోవాలి.

విదేశీ బోర్డు మానేసి దేశీ బోర్డు కొనుక్కోవచ్చు కదా అని సులువుగా అంటారు. మందుల పెట్టె చేత్తో మడిచి నింపేది కాదు. అది యంత్రంలో వేగంగా విచ్చుకోవాలి, నిండాలి, మూసుకోవాలి. 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) బోర్డులో ఒక లాటుకూ మరో లాటుకూ బిగువులో కాస్త తేడా వచ్చినా, మడత గీత దగ్గర పైపూత పగిలినా, యంత్రం ఆగుతుంది, లాటు మొత్తం మా గుమ్మంలోకి తిరిగి వస్తుంది. ఒక కొత్త బోర్డుకు కంపెనీ నాణ్యతా విభాగం చేత ఆమోదం వేయించుకోవడానికి నెలలు పడుతుంది.

నందిగామ_రైతు:
పెట్టెల వారి కష్టం చదివాను. ఆ బోర్డు దేనితో తయారవుతుందో కూడా ఎవరైనా రాస్తారేమోనని చూశాను, రాయలేదు. అది మా సుబాబుల్, మా జామాయిల్, మా సరుగుడు. మెట్ట పొలంలో సుబాబుల్ వేసి నాలుగేళ్లు కాచుకుంటే, తీరా కోతకొచ్చిన ఏడాది మిల్లు కొనుగోలు తగ్గించుకుంది. అడిగితే విదేశీ సరుకు వచ్చి తమ అమ్మకాలు పడిపోయాయన్నారు. కొట్టిన కర్ర తోటలో పడి ఉన్నకొద్దీ పచ్చి ఆరిపోయి తూకం పడిపోతుంది. లారీ దొరికి, వరుసలో నిలబడి, కాటా ఎక్కేసరికి తరిగిపోయిన బరువు రైతు ఖాతాలోనే పడుతుంది. కొట్టుడు కూలీ మాత్రం తరగదు. దిగుమతి ఆగితే మిల్లు నడుస్తుంది, మిల్లు నడిస్తే కర్ర కదులుతుంది. కాబట్టి ఐదేళ్లు పొడిగించాలి.

విశ్రాంత_కస్టమ్స్:
ఇరువురూ అసలు సంగతి వదిలేశారు. కనీస ధర వల్ల ఖజానాకు అదనంగా వచ్చేది ఏమీ లేదు. ఇండోనేషియా మిల్లు ఒక టన్నును రూ.57,000కు అమ్మగలదనుకోండి. ఇప్పుడు బిల్లు రూ.67,220కి తక్కువ ఉండకూడదు కాబట్టి, ఆ పై రూ.10,220 కూడా ఆ మిల్లు జేబులోకే వెళుతుంది. ఇండోనేషియా కూడా ఉన్న ఆసియాన్ దేశాల కూటమితో మనకున్న వాణిజ్య ఒప్పందం ప్రకారం 2014 నుంచి అక్కడి కాగితంపై మన మూల కస్టమ్స్ సుంకం సున్నా. అంటే ఎవరినైతే శిక్షిస్తున్నామనుకుంటున్నామో, వాళ్లకే మనం ఎక్కువ లాభం ఇస్తున్నాం. తక్కువ సొమ్ముకే బేరం కుదుర్చుకుని బిల్లు మాత్రం ఎక్కువకు వేయించుకోవడానికీ ఇందులో సందు ఉంటుంది. నేను ఉద్యోగంలో ఉండగా అలాంటి బిల్లులు చూశాను.

అదే 1975 నాటి కస్టమ్స్ టారిఫ్ చట్టం 9ఏ సెక్షన్ కింద డంపింగ్ వ్యతిరేక సుంకం, 9వ సెక్షన్ కింద సబ్సిడీ వ్యతిరేక సుంకం వేస్తే సొమ్ము ప్రభుత్వానికి వస్తుంది. ఇలాంటి ఫిర్యాదులు చూసే కేంద్ర వాణిజ్య శాఖ విభాగం డీజీటీఆర్ విచారణ జరిపి, ఆ దేశంలో అమ్మే ధర ఎంత, మనకు పంపే ధర ఎంత, మన మిల్లులకు జరిగిన నష్టం ఎంత అన్నవి లెక్కగట్టి, డంపింగ్ తేడా, నష్టం తేడా అనే రెండింటిలో తక్కువదాన్ని సిఫారసు చేస్తుంది. ఆ సిఫారసును ఆర్థిక శాఖ ఒప్పుకోవచ్చు, తోసిపుచ్చవచ్చు. కాబట్టి కనీస ధరను పొడిగించాలా వద్దా అన్న ప్రశ్నే తప్పు.

చూసేవాడు:
ఇండోనేషియా మిల్లుకు మన ఖర్చుతో బోనస్ అన్నమాట, బాగుంది.

గోదావరి_గట్టు:
ఆ రూ.10,220 ఎవరికి పోతేనేమి, మన మిల్లుకు గిట్టుబాటు ధర దక్కుతోంది కదా. విచారణ పూర్తయ్యేసరికి ఏడాది దాటుతుంది, ఈలోగా మిల్లు మూతపడితే సెక్షన్లు చదువుకుంటూ కూర్చోవాలా?

విశ్రాంత_కస్టమ్స్:
ఎవరికి పోతేనేమి అనడానికి వీల్లేదు. విచారణ ముగిసేలోపు తాత్కాలిక సుంకం వేసే వీలు చట్టంలోనే ఉంది. మందుల స్ట్రిప్పులకు కూడా వాడే చైనా అల్యూమినియం ఫాయిల్‌పై 2025 మార్చిలో టన్నుకు గరిష్ఠంగా 873 డాలర్ల సుంకం ఆరు నెలలకు అలాగే వేశారు.

న్యూజెర్సీ_తెలుగు:
నేను ఇక్కడ దిగుమతుల పత్రాలు చూసే ఉద్యోగంలో ఉన్నాను కాబట్టి పొడిగింపు అనే తంతు ఎలా సాగుతుందో చెబుతాను. భారత్ నుంచి వచ్చే పెట్ ఫిల్మ్‌పై, అంటే తినుబండారాల ప్యాకెట్ల పొరల్లో వాడే పలుచని ప్లాస్టిక్‌పై, అమెరికా 2002లో రెండు రకాల సుంకాలూ వేసింది. ఐదేళ్లకొకసారి సమీక్ష జరుగుతూ, ప్రతిసారీ కొనసాగుతూ అవి ఇరవై ఏళ్లు దాటాయి. చైనా లామినేటెడ్ నేత సంచులపై 2008లో వేసిన సుంకాలదీ అదే దారి. సమీక్షలో అడిగేది ఇప్పుడు డంపింగ్ జరుగుతోందా అని కాదు, సుంకం తీసేస్తే డంపింగూ నష్టమూ కొనసాగే లేదా మళ్లీ మొదలయ్యే అవకాశం ఉందా అని. దిగుమతులు తగ్గితే సుంకం పనిచేస్తోందంటారు, తగ్గకపోతే సుంకం అవసరం తీరలేదంటారు. ఎటు తిప్పినా పొడిగింపు వైపే మొగ్గుతుంది.

ఇంకొకటి గుర్తుంచుకోండి. 2024లో అమెరికా భారత కాగితపు సంచులపై కూడా డంపింగ్, సబ్సిడీ సుంకాలు రెండూ వేసింది. ఎగుమతిదారులకు పన్నులు తిరిగిచ్చే మన డ్యూటీ డ్రాబ్యాక్, రోడ్‌టెప్ వంటి పథకాలను ఇక్కడి వాణిజ్య శాఖ భారత్ కేసుల్లో సబ్సిడీ కిందే లెక్కిస్తూ ఉంటుంది. మనం ఇండోనేషియాను ఏమన్నా, ఆ మాటే మనకు ఇంకెవరో చెబుతారు.

జీడిమెట్ల_పెట్టెలు:
చూశారా, ఐదేళ్లన్నది పేరుకే. ఒకసారి గోడ కట్టాక దాన్ని పడగొట్టేవాడు ఉండడు.

నందిగామ_రైతు:
అమెరికా తన వాళ్లను ఇరవై ఏళ్లు కాపాడుకుంటే చట్టం, మనం ఐదేళ్లు కాపాడుకుంటే గోడ! అసలు ఇండోనేషియా వాడికి అంత చవగ్గా ఎలా పడుతుందో అది చెప్పండి.

న్యూజెర్సీ_తెలుగు:
రైతుగారూ, ఇది మీకు పనికొచ్చే సంగతే. ఇండోనేషియా కోటెడ్ పేపర్‌పై 2010లో అమెరికా సబ్సిడీ సుంకం వేసినప్పుడు, ప్రభుత్వ అడవుల్లోని కలపను అక్కడి కంపెనీలకు తగిన ధర కంటే తక్కువకు ఇస్తున్నారని, దుంగల ఎగుమతిని నిషేధించడం వల్ల కలప లోపలే చవగ్గా ఉండిపోతోందని నిర్ధారించింది. ఇండోనేషియా ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లింది కానీ, 2017 డిసెంబరులో ప్యానెల్ దాని వాదనలను ఒప్పుకోలేదు.

నందిగామ_రైతు:
నేను మొదటినుంచీ అంటున్నది అదే. అక్కడ సర్కారు అడవి, ఇక్కడ నా సొంత పొలం. 1988 అటవీ విధానం మన మిల్లులను అడవి వదిలి రైతుల దగ్గర కలప తెచ్చుకోమంది, అందుకే మేము వేశాం. కౌలు, కూలీ, నాలుగేళ్ల వడ్డీ కలిపితే నా కర్ర ఆ అడవి కర్రతో ఎలా పోటీపడుతుంది?

జీడిమెట్ల_పెట్టెలు:
రైతుగారిని ఒక్కటే అడుగుతాను. ఆగస్టు నుంచి బోర్డు ధర పెరిగింది, అది నేను కట్టాను. ఆగస్టు నుంచి మీ కర్ర ధర టన్నుకు ఎంత పెరిగింది?

నందిగామ_రైతు:
ధర ఒక్కటే చూస్తే ఎలా, కొనుగోలు కూడా ముఖ్యమే.

జీడిమెట్ల_పెట్టెలు:
ఎంత పెరిగింది?

నందిగామ_రైతు:
మీరు ఫ్యాను కింద కూర్చుని అంకెలు అడుగుతున్నారు. మే నెల ఎండలో కర్ర కొట్టించి, కాటా దగ్గర రెండు రాత్రులు లారీ కింద పడుకుంటే మీకు అంకెలు గుర్తుండవు. నలభై రూపాయల మందు పెట్టెలో మీ అట్ట విలువ ఎంత, దానికి ఇంత గోలా?

జీడిమెట్ల_పెట్టెలు:
పైసల్లోనే మా బతుకు ఉంది. పైసల తేడాతోనే ఆర్డరు పోతుంది. జవాబు లేనప్పుడు ఎండ గురించి మాట్లాడకండి.

గోదావరి_గట్టు:
ఇరువురూ దయచేసి మాట తూలకండి. ఇంకోసారి ఇలా జరిగితే చర్చ మూసేయాల్సి వస్తుంది.

నందిగామ_రైతు:
సరే, చెబుతాను. మా వైపు కర్ర ధర పెరగలేదు. ధర ఇంతని రాసిచ్చిన కాగితం మా దగ్గర ఎన్నడూ లేదు, ఏజెంటు నోటిమాటే. అయినా పొడిగించమనే అంటాను. మిల్లు మాకు న్యాయం చేస్తుందని నమ్మి కాదు. మా కర్రను లారీ కిరాయి గిట్టేంత దూరంలో కొనేది ఒకటి రెండు మిల్లులే, అవి కూడా ఆగిపోతే పొయ్యిల కర్ర కింద అమ్ముకోవాలి.

జీడిమెట్ల_పెట్టెలు:
మీరు ఇంత చెప్పారు కాబట్టి నేనూ చెబుతాను. నా భయం టన్నుకు పెరిగిన ధర ఒక్కటే కాదు. మాకు బోర్డు అమ్మే మిల్లే మా ఖాతాదారు దగ్గరికి వెళ్లి పెట్టెలకు కొటేషను ఇచ్చింది. బోర్డు కొరత వస్తే ముందు తన పెట్టెల విభాగానికి, తర్వాత పెద్ద కంపెనీలకు, చివర మిగిలిన రీళ్లు మాకు. విదేశీ బోర్డు అందుబాటులో ఉన్నంతకాలం, కుదరకపోతే అక్కడ కొనుక్కుంటానని డీలరుతో చెప్పగలిగేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట చెల్లదని అతనికీ తెలుసు.

నందిగామ_రైతు:
మీకు ఇండోనేషియా అయినా ఉండేది. కుదరకపోతే ఫలానా చోట అమ్ముకుంటానని చెప్పుకోవడానికి నాకు ఎవరున్నారు?

రాజమండ్రి_మామయ్య:
ఇప్పటికి అసలు చర్చ మొదలైంది.

విశ్రాంత_కస్టమ్స్:
అందుకే విచారణ జరగాలని నేను పట్టుబడుతున్నాను. కనీస ధరను ఒక నోటిఫికేషన్‌తో పెడతారు, దానికి ముందు పెట్టెలు చేసేవారిని కూర్చోబెట్టి వినాల్సిన పని లేదు. డీజీటీఆర్ విచారణలో అయితే, ఆ సరుకును వాడే పరిశ్రమలకు కూడా తమ వాదన చెప్పుకునే అవకాశం 1995 నాటి నియమాల్లోనే ఉంది. జీడిమెట్ల వారు తమ సంఘం తరఫున పత్రాలతో హాజరు కావచ్చు. రైతుగారి సంగతి వేరు. దేశీ పరిశ్రమ అంటే ఆ బోర్డును తయారుచేసేవారు. కర్ర పండించేవారు ఆ నిర్వచనంలోకి రారు.

నందిగామ_రైతు:
అంటే బోర్డులో మా కర్ర ఉంటుంది కానీ విచారణలో మేము ఉండం. మరి ఆ సుంకం సొమ్మైనా మాకు వస్తుందా?

విశ్రాంత_కస్టమ్స్:
సుంకం కేంద్ర ఖజానాకు, అంటే సంచిత నిధికి పోతుంది. ఫలానా వారికి ఇవ్వాలని అందులో రాసి ఉండదు.

జీడిమెట్ల_పెట్టెలు:
నా చివరి మాట ఇది. లెక్కలు బయటపెట్టి వేసే సుంకమైతే నేను భరిస్తాను, కనీస ధరను మాత్రం ఒప్పుకోను. ఆ సుంకం కూడా రెండేళ్లకు మించకూడదు. ఆలోగా మిల్లులు యంత్రాలు మెరుగుపరచుకుని నాణ్యతలో పోటీకి నిలబడాలి.

నందిగామ_రైతు:
రెండేళ్లంటే మీరన్న మిల్లు యంత్రాలకు సరిపోతుందేమో. ఈ ఏడాది మొక్క నాటితే రెండేళ్లకు అది కోతకు రాదు. రెండేళ్ల సుంకాన్ని నమ్ముకుని సుబాబుల్ వేసే రైతు మా మండలంలో ఒక్కడూ ఉండడు, మేమంతా మొక్కజొన్నకు మళ్లుతాం. అప్పుడు మీకు బోర్డు అమ్మే మిల్లు కర్ర ఎక్కడినుంచి తెస్తుందో దానికి కూడా ఒక లెక్క వేయించండి.