హెచ్‌సీఎం ఉన్న తమ్ముడు షటిల్ ఆడొచ్చా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

మా తమ్ముడికి 27 ఏళ్లు. హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి (హెచ్‌సీఎం), అంటే గుండె కండరం మందమయ్యే వంశపారంపర్య జబ్బు ఉందని ఈమధ్యే తేలింది. ఎకోలో గుండె గదుల మధ్య గోడ మందం 17 మిల్లీమీటర్లు వచ్చింది, రక్తం వెళ్లే దారిలో అడ్డు మాత్రం లేదు. కళ్లు తిరగడం, పడిపోవడం ఎప్పుడూ లేవు. కానీ మా పెదనాన్న నలభై దాటకుండానే నిద్రలో పోయారు, అందుకే ఇంట్లో అందరికీ టెన్షన్. వాడు మెట్లెక్కుతుంటే అమ్మ "మెల్లగా నాన్నా" అంటూ వెనకే వెళ్తోంది.

మొదటి డాక్టర్ నడక తప్ప ఏదీ వద్దన్నారు. రెండో ఆయన మితమైన వ్యాయామం మంచిదే అన్నారు. 2024 అమెరికా మార్గదర్శకాల్లోనూ అలాగే ఉంది. గట్టి వ్యాయామమైతే ఏటా నిపుణులతో పరీక్ష చేయించుకుని, వాళ్లతో చర్చించి నిర్ణయించుకోవాలట. నాకు రెండో మాటే సబబనిపిస్తోంది. వాడు ఇంట్లో కూర్చుని బరువు పెరిగిపోతున్నాడు మరి.

అసలు చిక్కు కొలత దగ్గరే. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందు వేసుకుంటున్నాడు కాబట్టి ఎంత ఆయాసపడ్డా వాచీలో పల్స్ పెద్దగా పెరగదు. "మాట్లాడగలిగినంత వరకు పర్లేదు" అనే లెక్క నడకకు సరే, ఉన్నట్టుండి పరుగెత్తి టక్కున ఆగే షటిల్‌కి ఎలా? డబుల్స్ అయితే నయమా? ఎండాకాలం ఒంట్లో నీరు తగ్గకుండా మీరేం చేస్తారు?

హోల్టర్ (ఒంటికి తగిలించుకునే చిన్న యంత్రంతో రోజంతా గుండె లయ రికార్డు చేసేది), ట్రెడ్‌మిల్ పరీక్షలు ఇంకా చేయించాలి. హైదరాబాద్‌లో ఈ వంశపారంపర్య జబ్బులు ప్రత్యేకంగా చూసే కార్డియాలజిస్టులు తెలిస్తే చెప్పగలరు. షటిల్ కోర్టు దగ్గర ఏఈడీ (గుండె ఆగితే షాక్ ఇచ్చే యంత్రం) పెట్టించినవాళ్లుంటే, ఖర్చెంతయిందో కూడా.