మిర్చి అడ్తిలో గుమస్తాను, తరుగు రాయమంటున్నారు. విశ్వాసిగా ఏం చేయాలి?

వరంగల్_గుమస్తా:

అందరికీ వందనాలు. చాలా రోజుల నుంచి రాద్దామనుకుంటూ ఆగిపోతున్నాను. మాది వరంగల్, ఒక మిర్చి అడ్తి దుకాణంలో, అంటే రైతు సరుకు కమీషన్ మీద అమ్మించే దుకాణంలో, ఆరేళ్ల నుంచి గుమస్తాగా చేస్తున్నాను. కాంటా దగ్గర నిలబడి తూకం రాసుకోవడం, రైతుకు తక్‌పట్టీ (తూకం, లెక్క రాసిన చీటీ) ఇవ్వడం, హమాలీల లెక్క చూడడం, ఇదే పని. సంచి బరువు కింద కొంత తీసేయడం అందరికీ తెలిసిందే, రైతు కూడా ఒప్పుకుంటాడు. మా దగ్గర దానిపైన బస్తాకు ఇంకో కిలో "తరుగు" అని కొడతారు. చెప్పేది సేటు, రాసేది నేను.

మొన్న ఫిబ్రవరిలో ములుగు వైపు నుంచి ఒక పెద్దాయన 32 బస్తాలు తెచ్చాడు. రాత్రంతా బస్తాల మీదే పడుకున్నట్టున్నాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి, కాయ ఘాటుకు వేళ్ల సందుల్లో చర్మం పగిలి ఉంది. చదువు రాదు. తక్‌పట్టీ నా చేతికే తిరిగిచ్చి చదవమన్నాడు. చదివాను. "సరిగ్గనే ఉన్నదా బిడ్డా" అని అడిగాడు. ఉంది అన్నాను. బస్తాకు కిలో చొప్పున 32 కిలోలు తక్కువ రాశాను. ఆ ఆదివారం చర్చిలో రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గరికి పోలేక వెనక వరుసలో కూర్చుండిపోయాను.

మా పాస్టర్ అయ్యగారిని అడిగితే, ఇది పడిపోయిన లోకం, మనం ఇక్కడ యాత్రికులం, పరలోకం కోసం కనిపెట్టుకొని ఉండు, ప్రార్థన చెయ్యి అన్నారు. మంచి మనిషి, మా నాన్న పోయినప్పుడు మూడు రాత్రులు మా ఇంట్లోనే ఉన్నారు, ఆయనను తప్పు పట్టడం లేదు. కానీ యాత్రికుడినైతే ఇక్కడి కాంటాతో నాకు పని లేదా?

ఇంకొకటి. దసరాకు దుకాణంలో కాంటాకు కుంకుమ పెట్టి పూజ చేస్తారు. నేను పక్కన నిలబడతాను గానీ దండం పెట్టను, ప్రసాదం తీసుకోను. దానికి సంఘంలో నాకు పేరుంది, "లోకంలో ఉండి కూడా నిలబడ్డాడు" అంటారు. దుకాణంలోనేమో "పాస్టర్ సాబ్" అని పిలుస్తారు. ఈ రెండు పేర్లు వింటే ఇప్పుడు సిగ్గేస్తోంది. చెల్లె పెళ్లి అప్పు ఇంకా ఉంది, అమ్మ నా మీదే ఆధారపడి ఉంది. పని మానేయాలా, ఉండాలా?

హన్మకొండ_రిటైర్డ్_టీచర్:

తమ్ముడూ, నీ పోస్టు రెండుసార్లు చదివాను. ముందు ఆ "యాత్రికులు" మాట గురించి చెప్తాను, ఎందుకంటే మన సంఘాల్లో ఆ మాటను చేతులు దులుపుకోవడానికి చాలా వాడుకుంటున్నాం. యేసు శిష్యుడు పేతురు ఆ మాట రాసింది పొంతు, గలతీయ, కప్పదొకియ, ఆసియ, బితూనియ ప్రాంతాల్లో చెదిరిపోయి బతుకుతున్నవాళ్లకు, అంటే ఇప్పటి టర్కీ దేశంలో. ఊళ్లోవాళ్లు వీళ్లను అనుమానంగా చూసేవాళ్లు, నోటికొచ్చినట్టు అనేవాళ్లు. మొదటి పత్రిక 2వ అధ్యాయం 11లో పరదేశులు, యాత్రికులు అంటాడు కదా, వెంటనే 12లో ఏమంటాడో చూడు. మీ చుట్టూ ఉన్నవాళ్లు మీ మంచి పనులు కళ్లారా చూసేలా బతకండి అంటాడు. పరదేశి అంటే ఇక్కడి లెక్కలు పట్టనివాడని కాదు, తన రాజు ఎవరో తెలిసి ఆ రాజు కొలతతో కొలిచేవాడని నేను అర్థం చేసుకున్నాను.

దసరా రోజు నువ్వు దండం పెట్టకపోవడం తప్పని నేను అనను. దానియేలుకు బబులోనులో పేరు మార్చి బెల్తెషాజరు అని పెడితే ఊరుకున్నాడు, వాళ్ల భాష, వాళ్ల చదువు నేర్చుకున్నాడు, రాజు భోజనం దగ్గర మాత్రం ఆగాడు. ఎక్కడ ఆగాలో ఎవరికి వాళ్లు దేవుని ముందు తేల్చుకోవాలి. కానీ పూజ చేసిన కాంటాకు దూరంగా నిలబడి, మర్నాడు అదే కాంటా మీద అబద్ధం రాస్తే? దొంగత్రాసు దేవునికి హేయమని సామెతలు 11:1 సూటిగా చెప్తోంది. మన గుర్తింపంతా ప్రసాదం తీసుకోకపోవడంలో, బొట్టు పెట్టుకోకపోవడంలో చూసుకుంటున్నాం. పక్కవాడికి మన తూకంలో ఏం కనిపిస్తోందో అడగం. ముప్పై ఏళ్లు బడిలో చెప్పాను, నేను కూడా ఆలస్యంగానే తెలుసుకున్నాను.

మానేయాలా అన్నావు. లూకా 3లో సుంకరులు, అంటే పన్ను వసూలు చేసేవాళ్లు, బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి వచ్చి ఏం చేయాలని అడిగితే, ఆ పని వదిలేయమనలేదు. నిర్ణయించిన దానికంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు. కాబట్టి ముందు సేటుతో మాట్లాడు. తరుగు నా చేత్తో రాయనని చెప్పు. గట్టిగా కాదు, మర్యాదగా. పనిలోంచి తీసేస్తే అప్పుడు చూద్దాం.

పేతురు రాసిన అదే పత్రిక 3:15లో, మీలో ఉన్న నిరీక్షణకు హేతువు అడిగేవాళ్లకు జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండండి అని కూడా ఉంది. ఎవరైనా వచ్చి అడగాలంటే వాళ్లకు మనలో ఏదో ఒకటి కనిపించాలి కదా.

జనగామ_బ్రదర్:

మాస్టారి మాటతో సగం ఒప్పుకుంటాను. ఇకపై రాయను అంటే సరే, రాసిన దాని సంగతేంటి? సుంకరి జక్కయ్య యేసు ముందు ఇకనుంచి మంచిగా ఉంటానని చెప్పి కూర్చోలేదు, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. తమ్ముడూ, నువ్వు క్షమాపణ దేవుడిని అడిగావు, ఆ ములుగు పెద్దాయనను అడిగావా? డబ్బు సేటు తిన్నాడు, నాకేం రాలేదు అనకు. సరిగ్గా ఉంది అన్న నోరు నీది.

మానుకోట_సిస్టర్:

అన్నా వందనాలు. నేను నర్సును. జనగామ అన్న అన్నది కటువుగా ఉన్నా నిజమే. నేను నిరీక్షణ గురించి ఒక మాట చెప్తాను.

నేను ఇంతకుముందు చేసిన ఒక ఆసుపత్రిలో కాన్పు కాగానే బిడ్డను చేతికివ్వడానికి బయట నిలబడ్డవాళ్ల దగ్గర డబ్బు తీసుకునేవాళ్లు. మగపిల్లాడైతే ఒక రేటు, ఆడపిల్లయితే ఒక రేటు. సాయంత్రం అందరికీ పంచేవాళ్లు, నా వాటా నా డ్రాయర్‌లో పెట్టేవాళ్లు. మొదట్లో తీసుకున్నాను. అందులో నుంచే దశమభాగం కూడా ఇచ్చాను, ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఒక రాత్రి ఒక ముసలమ్మ కొంగు ముడి విప్పి చిల్లర లెక్కపెడుతుంటే, నా చేతుల్లో ఆమె మనవరాలు ఏడుస్తోంది. ఇంక నా వల్ల కాలేదు. మానేశాను, అంటే డబ్బు తీసుకోవడం మానేశాను, ఉద్యోగం కాదు. నాతో మాట్లాడడం తగ్గించారు, నైట్ డ్యూటీలు ఎక్కువ వేశారు.

నువ్వొక్కదానివి తీసుకోకపోతే ఏం మారుతుంది అని నన్ను చాలామంది అడిగారు. ఈ లోకం ఎలాగూ పోయేదే, మనం మాత్రం తప్పించుకొని పైకి పోతాం అనుకుంటే ఆ ప్రశ్నకు నిజంగానే జవాబు లేదు. కానీ రోమా 8లో పౌలు చెప్పేది అది కాదు. సృష్టి అంతా ప్రసవవేదన పడుతోంది అంటాడు. రోజూ ఆ మూలుగు వినే దాన్ని కాబట్టి నాకు బాగా అర్థమైంది, ఆ నొప్పి చావు నొప్పి కాదు, ఏదో పుట్టబోతోందని వచ్చే నొప్పి. మొదటి కొరింథీ 15 మొత్తం చనిపోయినవాళ్లు లేవడం గురించి చెప్పి, చివరి వచనంలో మీ ప్రయాస ప్రభువులో వ్యర్థం కాదు అని ముగిస్తాడు. పునరుత్థానం గురించి అంత చెప్పి ప్రయాస దగ్గర ఎందుకు ఆగాడా అని చాలా ఆలోచించాను. దేవుడు ఈ సృష్టినే బాగుచేస్తాడంటే, ఇక్కడ నేను చేసిన చిన్న పని కూడా ఆయన చేతుల్లో మిగిలిపోతుందన్నమాట.

మా దగ్గర్లోనే దోర్నకల్ ఉంది. అజరయ్య గారు తమిళనాడు తిరునెల్వేలి ప్రాంతం నుంచి వచ్చి, తెలుగు నేర్చుకొని, 1912లో దోర్నకల్ బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. ఆయన కట్టించిన పెద్ద చర్చి 1939లో ప్రతిష్ఠ అయింది. దాని స్తంభాలు గుడి స్తంభాల్లా ఉంటాయి, పైన మసీదు గుమ్మటాలు గుర్తొస్తాయి. పరదేశిగా వచ్చినాయన కట్టిన మందిరం చూస్తే ఈ మట్టిలోనే మొలిచినట్టుంటుంది. యాత్రికులం అంటే ఈ నేలను పట్టించుకోనివాళ్లం అని ఎవరైనా అంటే నాకు ఆ స్తంభాలే గుర్తొస్తాయి.

ఆ ఆసుపత్రిలో ఇప్పటికీ తీసుకుంటున్నారని విన్నాను. నేనున్నన్నాళ్లు నా డ్యూటీలో మాత్రం బిడ్డను తల్లి పక్కన పడుకోబెట్టేటప్పుడు ఎవరూ చెయ్యి చాపలేదు. అంతే జరిగింది, అంతకంటే పెద్ద సాక్ష్యం నా దగ్గర లేదు.

వరంగల్_గుమస్తా:

అందరికీ జవాబు ఇవ్వడానికి రెండు వారాలు పట్టింది, క్షమించండి. సిస్టర్, మీరు రాసింది అమ్మకు చదివి వినిపించాను. విని చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "పోయి సేటుకు చెప్పు" అంది.

చెప్పాను. సేటు అరవలేదు, అదే నాకు ఇంకా భయం వేసింది. కాంటా దగ్గరికి వేరే పిల్లాడిని పెట్టి నన్ను లోపల హమాలీల లెక్కలకు మార్చాడు, జీతం కొంచెం తగ్గించాడు. తరుగు నడుస్తూనే ఉంది, అది చూస్తూ లోపల కూర్చోవడం కష్టంగానే ఉంది, వేరే పని వెతుకుతున్నాను. ఆరేళ్లలో వచ్చిపోయిన మిగతా రైతులను ఎక్కడని వెతకాలో తెలియడం లేదు, అది గుండెల మీద అలాగే ఉంది.

జనగామ అన్నా, తక్‌పట్టీ డూప్లికేట్‌లో ఆ పెద్దాయన నంబర్ దొరికింది, కొడుకుదట. ఆ రోజు రేటుకు 32 కిలోలకు లెక్కగట్టి డబ్బు పక్కన పెట్టాను, నాలుగంతలు ఇప్పుడు నా వల్ల కాదు. ఫోన్ చేసి పెద్దాయనకు ఇమ్మని, నేనెవరినో చెప్పి, మీ తూకంలో ఇంత తగ్గించి రాశాను, తెచ్చిస్తాను అన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు, కట్ అయిందేమో అనుకున్నాను. తర్వాత, "ఎవ్వలు అడగకపోతిరి, గిప్పుడు గిది నాకెందుకు చెప్తున్నవ్ బిడ్డా" అని అడిగాడు.

ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను, గొంతు పట్టేసింది. వచ్చి చెప్తాను తాతా అన్నాను. శనివారం పొద్దున మొదటి బస్సుకు పోతున్నాను.