థెరపీ ఎవరు మధ్యలో మానేస్తారో వ్యక్తిత్వ పరీక్ష చెప్పగలదా?

నీలిసిరా:
చికిత్సకు ముందే పీఏఐ లేదా ఎంఎంపీఐ-2 అనే వ్యక్తిత్వ పరీక్ష చేయించి, మానేసేలా ఉన్నవాళ్లను గుర్తించాలంటాను. పీఏఐలోని 344 అంశాల్లో 8 అంశాలు (ఆర్‌ఎక్స్‌ఆర్ స్కేలు) చికిత్స వద్దనుకునే ధోరణిని కొలవడానికే ఉన్నాయి. ఎంఎంపీఐ-2లో టీఆర్‌టీ స్కేలు కూడా అలాంటిదే. మనిషి రావడం మానేశాక తెలిసి ఏం లాభం?

కొలమానం:
ముందు లెక్క చూడండి. పరిశోధకులు స్విఫ్ట్, గ్రీన్‌బర్గ్ 2012లో 669 అధ్యయనాలు కలిపి చూస్తే మానేసినవాళ్లు దాదాపు 20 శాతం. అంటే 100లో 20 మంది. మానేసేవాళ్లలో 70 శాతాన్ని పట్టుకుని, నిలిచేవాళ్లలో 70 శాతాన్ని సరిగ్గా వదిలేసే పరీక్ష ఉందనుకుందాం (ఇది ఉదారంగా వేసిన అంచనాయే). 14 మంది దొరుకుతారు. నిలబడాల్సిన 24 మందికీ అదే ముద్ర పడుతుంది. ముద్రపడిన 38 మందిలో 24 మంది విషయంలో తప్పే! మనస్తత్వవేత్తలు మీల్, రోజెన్ 1955లోనే ఈ చిక్కు చెప్పారు.

పైగా ‘మానేయడం’ అంటే ఏమిటి? అనుకున్న సెషన్లు పూర్తికాకపోవడమే అంటే, ఆరో సెషన్‌కే కుదుటపడి వెళ్లినవాళ్లూ ఆ ఖాతాలోకే వస్తారు. విర్జ్‌బిక్కి, పెకారిక్‌ల 1993 లెక్కలో ఇదే శాతం 47 దాకా ఉంది.

నీలిసిరా:
ఎవరినీ చేర్చుకోవద్దనడం లేదు. ఆ 24 మందితో పది నిమిషాలు ఎక్కువ మాట్లాడితే నష్టమేమిటి?

మూడోకుర్చీ:
నష్టం లేదు, స్కోరు సరిగా చదివితే. ఆర్‌ఎక్స్‌ఆర్ ప్రమాణాలు సాధారణ జనం మీద కట్టినవి. చికిత్సకు వచ్చేవాళ్ల టీ స్కోరు (సాధారణ జనం సగటును 50గా పెట్టి వేసే స్కోరు) మామూలుగా 50 కన్నా తక్కువే ఉంటుంది. కాబట్టి క్లినిక్‌లో 50ని ‘సగటే కదా’ అని వదిలేయకూడదు, అది ఆలోచించాల్సిన అంకె. దాంతోపాటు పీఐఎం (తనను మంచిగా చూపించుకునే ధోరణిని కొలిచే పీఏఐ స్కేలు) కూడా ఎక్కువుంటే, తన ఇబ్బందులను తక్కువ చేసి చెబుతున్నాడేమోనని అనుమానించాలి.

న్యూరోటిసిజం (ఆందోళన, దిగులు వైపు సులువుగా మొగ్గే స్వభావం) విషయంలో ఇంకా జాగ్రత్త. కుంగుబాటు తీవ్రంగా ఉన్నప్పుడు కొలిస్తే ఆ స్కోరు ఉబ్బుతుంది, తగ్గాక దిగుతుంది. అప్పుడు మనం కొలిచింది స్వభావాన్ని కాదు, రోగాన్ని.

అందుకే ఒక్కసారి కొలిచి ఊరుకోకండి. ప్రతి సెషన్‌కూ ముందు ఓక్యూ-45 (మనిషి ఎలా ఉన్నాడో చూసే ప్రశ్నావళి) నింపించండి, 45 ప్రశ్నలే. మూడో సెషన్‌లో థెరపిస్టుతో పొత్తు ఎలా కుదిరిందో అడగండి. సౌమ్యత (ఇతరులతో సర్దుకుపోయే స్వభావం) తక్కువున్నవాళ్లతో తేడా ముందు కనబడేది అక్కడే.

కొలమానం:
దీనికి ఒప్పుకుంటాను, ఒక షరతుతో. స్కోరు థెరపిస్టు కంట పడేది రెండో సెషన్ తర్వాతే కావాలి. ‘ఈయన నిలవడు’ అని ముందే అనుకున్న థెరపిస్టు కొద్దిగా వెనక్కి తగ్గితే చాలు, జోస్యం నిజమవుతుంది. తప్పు స్కోరుదా, థెరపిస్టుదా అన్నది ఆ తర్వాత తేల్చలేం.

నీలిసిరా:
కానీ చాలామంది జారిపోయేది మొదటి రెండు సెషన్లలోనే. అంతవరకు స్కోరు చూడకపోతే, ఎవరి కోసం కొలిచామో వాళ్లే అప్పటికి ఉండరు.