ప్రభుత్వాఫీసులో పని ఉన్నవాళ్లిచ్చే చిన్న గిఫ్టు కూడా ఉద్యోగి వద్దనాలా, లేక విలువకి ఒక పరిమితి పెడితే చాలా?

పాత గుమస్తా:
మున్సిపల్ ఆఫీసులో పన్నెండేళ్లు చేశాను కాబట్టి చూసిందే రాస్తున్నా. టెండర్లు తెరిచే గదిలో ఒక గోడగడియారం ఉండేది, దాని మీద ఒక కాంట్రాక్టరు పేరు పెద్దక్షరాల్లో. ఖరీదైనదేం కాదు, ఏ పరిమితి పెట్టినా దానికి లోపలే ఉంటుంది. మిగతా కాంట్రాక్టర్లు మాత్రం తమ కవర్లు విప్పేదాకా ఆ పేరు చూస్తూ కూర్చోవాలి. అక్కడ అన్యాయం జరిగిందని నేననను, కానీ జరగలేదని వాళ్లు ఎలా నమ్ముతారు? అందుకే నా మాట ఒక్కటే, ఆఫీసులో పని పెండింగ్‌లో ఉన్న మనిషి దగ్గర పెన్ను కూడా తీసుకోకూడదు.

కౌంటర్ 3:
పెన్ను అన్నారు కాబట్టి చెప్తున్నా, నేను పెన్నే తీసుకున్నానండీ. ఒక పెద్దాయన భార్య మరణ ధృవీకరణ పత్రం కోసం మూడుసార్లు తిరిగాడు, పాత రిజిస్టర్లో పేరు తప్పు పడింది. వెతికి సరిచేయించి ఇచ్చాను. మర్నాడు వచ్చి జేబులోంచి పెన్ను తీసి పట్టుకున్నాడు, వద్దన్నా చెయ్యి వెనక్కి తీసుకోలేదు. వెనక క్యూ ఉంది, ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. దీన్ని, లైసెన్సు కోసం వచ్చినవాడి గిఫ్టునీ ఒకే గాటన కట్టేస్తే ఎలా? అమెరికాలో ఫెడరల్ ఉద్యోగులకు ఒకసారికి 20 డాలర్లు, ఒకే మనిషి లేదా సంస్థ నుంచి ఏడాదికి 50 డాలర్లు దాటకుండా మినహాయింపు ఉంది, నగదు మాత్రం కుదరదు. అలా లెక్క ఉంటే ఉద్యోగికి టెన్షన్ ఉండదు. మొత్తం నిషేధం పెడితే అందరూ ఏదో ఒకరోజు తప్పుతారు, తర్వాత ఆ రూల్‌ని ఎవరూ పట్టించుకోరు.

పాత గుమస్తా:
మీరు తప్పు చేశారని అనడం లేదండీ. కానీ ఆయన వెనక క్యూలో ఉన్నవాళ్ల సంగతి చూడండి. మూడుసార్లు తిరిగినవాళ్లు అందులో ఇంకా ఉండే ఉంటారు, పెన్ను ఇస్తేనే పని అవుతుందేమో అని ఒక్కరికైనా అనిపించదా? ఆ పెద్దాయనే వచ్చే నెల ఆస్తి పన్ను పేరు మార్పిడికి మళ్లీ మీ దగ్గరికే రావచ్చు. లోకల్ బాడీలో పని అయిపోయిన మనిషి అంటూ ఉండడు.

లెక్క సంగతి కూడా చూద్దాం. ఇంగ్లండ్‌లో స్థానిక కౌన్సిళ్ల సంఘం, లోకల్ గవర్నమెంట్ అసోసియేషన్, 2020లో ఇచ్చిన నమూనా నియమావళి ప్రకారం కౌన్సిలరు 50 పౌండ్లు, ఆపైన విలువున్న బహుమతిని 28 రోజుల్లో నమోదు చేయించాలి. అంతకన్నా నాకు నచ్చింది, అనుమతులూ లైసెన్సులూ అడిగేవాళ్ల నుంచీ, కౌన్సిల్‌తో వ్యాపారం చేయాలనుకునేవాళ్ల నుంచీ ప్రభావం పడిందన్న అనుమానానికి తావిచ్చే బహుమతి విలువ ఎంతైనా తీసుకోవద్దంటుంది. వద్దని తిరిగి పంపిన పెద్ద బహుమతిని కూడా రాయించాలట. ఎవరు ఎవరి చుట్టూ తిరుగుతున్నారో అక్కడే బయటపడుతుంది.

వార్డు మనిషి:
ఇద్దరూ తీసుకునేవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. భారత్‌లో అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇచ్చినవాడు కూడా నేరస్తుడే, బలవంతం మీద ఇస్తే ఏడు రోజుల్లోపు ఫిర్యాదు చేయాలి. కౌంటర్ దగ్గర నిలబడ్డ మామూలు మనిషికి తను ఇచ్చేది కృతజ్ఞతో లంచమో తేడా చెప్పేదెవరు? "ఇక్కడ ఎవరికీ ఏమీ ఇవ్వొద్దు" అని కౌంటర్ మీదే రాసిపెడితే ఇద్దరికీ మొహమాటం తప్పుతుంది. ఇంకో మాట, అసలు గిఫ్టులు ఆఫీసుకి రావు. బావమరిది పేరు మీద పోతాయి, కొడుకు ఫీజుగా పోతాయి. కుటుంబాన్ని కలపని రూల్ ఎంత గట్టిదైనా దండగ.

పాత గుమస్తా:
కుటుంబం మాట నూటికి నూరుపాళ్లు నిజం, నేనే ముందు రాయాల్సింది. బహుమతులు నమోదు చేసే రిజిస్టరు కూడా బీరువాలో పెట్టి తాళం వేసేది కాకూడదు, ఎవరడిగినా చూపించాలి.

కౌంటర్ 3:
పేరు మార్పిడికి మళ్లీ వస్తాడన్న సంగతి నాకు తట్టలేదు. ఆ రోజు వెనక్కి ఇచ్చేయాల్సిందని మాత్రం ఇప్పటికీ అనలేను, ఆయన మొహం చూశాను కాబట్టి. రాసిపెట్టే రిజిస్టరు ఉంటే అదే సాయంత్రం రాసి, పెన్ను ఆఫీసుకే అప్పజెప్పేవాణ్ణి. మా దగ్గర అలాంటి పుస్తకమే లేదు. సోమవారం మా సూపరింటెండెంట్ గారిని ఒకటి తెరవమని అడుగుతాను, మొదటి ఎంట్రీ నాదే.