పీ పఫర్లు: ఒక్కటి చాలా, గుంపు కావాలా? (2 అడుగుల ట్యాంకు)

బ్రాడీపేట_కొత్తట్యాంకు:
24×12×12 అంగుళాల ట్యాంకు. స్పాంజి ఫిల్టరు, కొంచెం వల్లిస్నేరియా (పొడవాటి ఆకుల నీటి మొక్క), జావా మాస్ (నాచు), ఒక దుంగ. అమ్మోనియా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 10 పీపీఎం, అంటే నీళ్లు సిద్ధం. వేరే చేపలు లేవు. ఇందులో పీ పఫర్లు, అంటే కేరళ నదుల చిట్టి ఉబ్బుడు చేపలు వేద్దామని. షాపులో "జోడీగా తీసుకెళ్లండి" అంటున్నారు. ఒక్కటే పెంచాలని కొందరు, ఆరుకి తగ్గకూడదని కొందరు. ఏదైనా సరే, ఎందుకో కూడా చెప్పండి.

పటమట_ఒక్కటేచాలు:
ముందు ఆ జోడీ మాట మర్చిపోండి. షాపులో దొరికేవి సెంటీమీటరు, సెంటీమీటరున్నర పిల్లలు. ఆ వయసులో ఏది మగో ఏది ఆడో అమ్మేవాళ్లకీ తెలీదు, కొనేవాళ్లకీ తెలీదు. రెండూ మగవైతే ఒకే ఒరలో రెండు కత్తులు. ఒకటి ఆడదైనా సుఖం లేదు, మగదానికి రోజంతా తరమడానికి అదొక్కటే దొరుకుతుంది. ఉన్న అంకెల్లో రెండు అన్నింటికంటే చెడ్డది.

నా ఓటు ఒక్కదానికే. మీ ట్యాంకు కాగితం మీద 56 లీటర్లు. అడుగున 2 అంగుళాల ఇసుక, పైన అంగుళంన్నర ఖాళీ తీసేస్తే మిగిలేది 40. దుంగ ఆక్రమించేది వేరే. "కేరళ నదుల్లో గుంపులుగా తిరుగుతాయి కదా" అని ఇప్పుడు ఎవరో ఒకరు వస్తారు. తిరుగుతాయి, కాదనను. పంబలోనో చాలక్కుడిలోనో దెబ్బ తిన్న చేప అవతలికి పారిపోతుంది. ఇక్కడ పారిపోతే గాజు తగులుతుంది.

గుంటూరు_నాచు:
ఆ ఎవరో ఒకరు వచ్చారండీ, నేనే.

లీటర్ల లెక్క సరిగ్గానే వేశారు. కాకపోతే ఈ చేప కొట్లాడేది లీటర్లను బట్టి కాదు, కంటిని బట్టి. రెండు కళ్లూ విడివిడిగా తిప్పుతుంది, చూపు మహా చురుకు. కనబడినదాన్నే తరుముతుంది, ఆకుల చాటుకి పోయినదాన్ని చాలాసార్లు వదిలేస్తుంది. కాబట్టి ట్యాంకుని మూడు గదులుగా చేసుకోవాలి. ఎడమ చివర వల్లిస్నేరియా అడుగు నుంచి నీటి మట్టం దాకా దట్టంగా. మధ్యలో దుంగ అడ్డంగా, అంటే ముందు గాజు నుంచి వెనక గాజు వైపుకి. చాలామంది పొడవునా పెడతారు, దానివల్ల చూపు ఆగదు. కుడి చివర జావా మాస్ గుబురు. పైన నాలుగు అంతరతామర మొక్కలు, వేళ్లు కిందికి వేలాడేలా. పరీక్ష ఏంటంటే, చిన్న వైపు గాజుకి కన్ను ఆనించి చూడండి. అవతలి గాజు కనబడుతుంటే మొక్కలు ఇంకా చాలవు.

అలా తయారయ్యాక ఆరు, ఒకే రోజు, ఒకేసారి దించాలి. ముందు రెండు వేసి నెల తర్వాత నాలుగు వేస్తే పాతవి ట్యాంకంతా తమదే అనుకుంటాయి. ఆరు ఉన్నప్పుడు తరిమేవాడి కోపం ఒక్కదాని మీదే పడదు. 2 సెంటీమీటర్లు దాటాక మగవాటికి గొంతు కింద నుంచి పొట్ట మధ్యగా నల్లటి గీత, కంటి వెనక సన్నటి ముడతలు వస్తాయి. ఆడవి గుండ్రంగా, పొట్ట తెల్లగా ఉంటాయి. ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉంచి మిగతా మగవాటిని తీసెయ్యాలి.

ఒంటరిది గాజు పొడవునా పైకీ కిందకీ ఈదుతూనే ఉండడం మీరూ చూసే ఉంటారు. దానికేమంటారు?

పటమట_ఒక్కటేచాలు:
ఒంటరితనం అని మాత్రం అనను. రాత్రి గదిలో లైటు లేకుండా ట్యాంకు లైటు ఒక్కటే వెలిగితే గాజులో దాని బొమ్మే దానికి కనబడుతుంది. వెనకా పక్కలా నల్ల కాగితం అంటించి, ఫిల్టరు గాలి తగ్గించి, వారం చూడండి. సగం కేసులు అక్కడే తేలిపోతాయి. ఆకలేసినా అలాగే ఈదుతుంది. ఆరు ఉన్న ట్యాంకులో కూడా గాజు పట్టుకు తిరిగేవి ఉంటాయి, మరి వాటికి ఏం లోటు?

"మగవాటిని తీసెయ్యాలి" అని ఒక్క మాటలో తేల్చేశారు. తీసి ఎక్కడ వెయ్యాలి? షాపు వెనక్కి తీసుకోదు. పైగా పెద్ద మగది ఉన్నంతకాలం చిన్న మగది ఆ గీత చూపించదు, ఆడదానిలా అణిగి ఉంటుంది. పెద్దదాన్ని తీశాక రెండోది రంగు మారుస్తుంది. దాన్ని తీశాక మూడోది. వాయిదాల పద్ధతిలో బయటపడతాయన్నమాట.

గవర్నర్‌పేట_ఉప్పునీళ్లు:
మధ్యలో దూరుతున్నా. ఈ వాదనంతా పీ పఫర్ గురించి మాత్రమే, ఇంకే పఫర్‌కీ అన్వయించకండి. 1941లో హోరా, నాయర్ అనే శాస్త్రవేత్తలు తిరువాన్కూరు నీళ్ల నుంచి వర్ణించిన చేప ఇది. శాస్త్రీయ నామం కారినోటెట్రాడాన్ ట్రావన్‌కోరికస్. పెరిగి పెరిగి 3 సెంటీమీటర్ల చిల్లర, పూర్తిగా మంచినీటిది.

షాపుల్లో పక్క తొట్టిలోనే ఆకుపచ్చ వీపు మీద నల్లచుక్కల పఫర్ పిల్లలు ఉంటాయి, మంచినీటి చేప అని అమ్మేస్తారు. అది గ్రీన్ స్పాటెడ్. 15 సెంటీమీటర్లు పెరుగుతుంది, పెరిగేకొద్దీ ఉప్పు శాతం పెంచుకుంటూ పోవాలి. 1.005 సాంద్రతతో మొదలుపెట్టాలంటే లీటరుకు సుమారు 8 గ్రాముల మెరైన్ సాల్ట్ (సముద్రపు చేపల ట్యాంకులకి వాడే ఉప్పు). వంటింటి ఉప్పు పనికిరాదు, అందులో సోడియం క్లోరైడ్ తప్ప మెగ్నీషియం, కాల్షియం, పీహెచ్‌ని నిలబెట్టే బఫర్ ఉండవు. ఉప్పు కొలవడానికి రిఫ్రాక్టోమీటరు అనే పరికరం కావాలి. ఆ చేపకి, బెంగాల్, అస్సాం వైపు నుంచి వచ్చే కట్‌కటియా పఫర్‌కి, ఆఫ్రికా ఫహాకా పఫర్‌కి గుంపు మాటే ఎత్తొద్దు, ఒక్కో దానికి ఒక్కో ట్యాంకు. ఫహాకా 40 సెంటీమీటర్లు దాటుతుంది, దాని పంటికి వేలు అందితే కోసేస్తుంది.

పీ పఫర్ విషయంలో నేను గుంపు వైపే, కాకపోతే 3 అడుగుల ట్యాంకు ఉంటేనే.

తాడేపల్లి_స్పాంజి:
ఇద్దరూ కృష్ణా, గుంటూరు జిల్లాల మే నెలని మర్చిపోయారు. ఏసీ లేని గదిలో ట్యాంకు నీళ్లు 32 డిగ్రీలకు పోతాయి. 25 డిగ్రీల నీళ్లు లీటరుకు 8 మిల్లీగ్రాముల పైగా ఆక్సిజన్ పట్టుకుంటాయి, 32 దగ్గర 7.3కి పడిపోతుంది. దానికి తోడు బోరు నీళ్లు, పీహెచ్ 8. ఆ పీహెచ్ దగ్గర 25 డిగ్రీల్లో మొత్తం అమ్మోనియాలో విషపు భాగం 5 శాతం పైచిలుకు, 32లో 8 దాటుతుంది. అంటే జనవరిలో నెట్టుకొచ్చిన అమ్మోనియానే మేలో చంపుతుంది. ఆరు పఫర్లు, అవి సగం తిని వదిలేసిన నత్తలు, 40 లీటర్లు. ఒక్క కరెంటు కోత చాలు.

గుంపు పెట్టేవాళ్లు రెండు స్పాంజి ఫిల్టర్లు పెట్టండి, ఒకదానికి బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు తగిలించండి. మూత తీసి నీటి మీదుగా చిన్న ఫ్యాను పెడితే 2, 3 డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరైన నీళ్లకు బదులు ఆర్‌ఓ నీళ్లే పొయ్యాలి. బోరు నీళ్లు పోస్తూపోతే లవణాలు పోగుపడతాయి. కార్పొరేషన్ నీళ్లతో మార్చేవాళ్లు క్లోరిన్‌ని విరిచే సోడియం థయోసల్ఫేట్ 100 గ్రాములు లీటరు నీళ్లలో కరిగించి ఉంచుకుంటే, 2 పీపీఎం క్లోరిన్ ఉన్న 20 లీటర్ల బకెట్‌కి 3 మి.లీ. సరిపోతుంది.

గుంటూరు_నాచు:
వేడి మాట ఒప్పుకున్నా. 40 లీటర్లకు ఆరు అన్నది వెనక్కి తీసుకుంటున్నా, నాలుగు. అందులో రెండు మగవైతే ఒకదాన్ని తీసేసి మూడు. ఒక్కటి మాత్రం అనను.

తిండి సంగతి ఎవరూ ఎత్తలేదు. ఒక్కదానికైనా నాలుగింటికైనా గుళికలు ముట్టవు. గడ్డకట్టించిన బ్లడ్‌వార్మ్ (చిన్న ఎర్ర పురుగులు) కరిగించి, టీ వడకట్టులో కడిగి, 10 మి.లీ. సిరంజికి సన్నటి గొట్టం తొడిగి రెండు మూడు చోట్ల వదలాలి. ఒకేచోట వేస్తే పెద్దది కాపలా కాస్తుంది. పొట్ట కొంచెం ఉబ్బగానే ఆపాలి. వారానికి రెండుసార్లు చిన్న నత్తలు. వేటాడేటప్పుడు గమనించండి: తోక పక్కకి మడిచి గాల్లో నిలబడ్డట్టు ఆగుతుంది, రెండు కళ్లూ నత్త మీదికి తిప్పి, పాదం బయటికి వచ్చేదాకా కాచుకుని ఒక్క కొరుకు కొరుకుతుంది. అదే తోక మడత తోటి చేప వైపు తిరిగి, వీపు రంగు ముదిరిందంటే అది తరమబోతున్నట్టు.

నత్తల్ని మాత్రం వరి కాలవల నుంచి తేకండి. పొలాల్లో కొట్టిన మందులు, పరాన్నజీవులు రెండూ వాటితోనే వస్తాయి. 20 లీటర్ల టబ్బులో రామ్స్‌హార్న్ నత్తలు వేసి, ఉడకబెట్టిన సొరకాయ ముక్క, పాలకూర వేస్తుంటే నెలన్నరలో గుంపుకి కావలసినన్ని తయారవుతాయి. చేపలు తేవడానికి ముందే ఈ టబ్బు మొదలెట్టాలి.

పటమట_ఒక్కటేచాలు:
నాలుగుకి దిగారు కదా, నేనూ ఒక మెట్టు దిగుతా. రెండో ట్యాంకు ఉన్నవాళ్లు నాలుగు వేసుకోండి. లేనివాళ్లు ఒక్కటే.

ఇంకో సంగతి. వీటిలో ఎక్కువ భాగం నదుల్లో పట్టినవే, కడుపులో పురుగులతో వస్తాయి. ఐయూసీఎన్ అనే ప్రకృతి సంరక్షణ సంస్థ జాబితాలో ఇది 'వల్నరబుల్', అంటే అంతరించే ముప్పున్న జాతి, తెచ్చి చంపుకునే చేప కాదు. తింటున్నా పొట్ట లోపలికి పోవడం, తెల్లటి దారంలా రెట్ట వెయ్యడం కనబడితే లెవమిసోల్ అనే పురుగుల మందు. పశువుల మందుల షాపులో దొరుకుతుంది. లీటరుకు 2 మి.గ్రా. అసలు మందు లెక్క. సీసా మీద మి.లీ.కి 75 మి.గ్రా. అని ఉంటే నత్తల్లేని వేరే 20 లీటర్ల టబ్బుకి అర మి.లీ. పైన కాస్త. వెలుతురు తగలకుండా కప్పి 24 గంటలు ఉంచి, అడుగున రెట్ట అంతా లాగేసి, నీళ్లు మార్చాలి. రెండు మూడు వారాలకు మళ్లీ ఒకసారి. నత్తలున్న ట్యాంకులో వెయ్యకండి. రాగి కలిసిన మందులు అసలే వద్దు, ఈ చేపకి పొలుసులు లేవు.

బ్రాడీపేట_కొత్తట్యాంకు:
ఇద్దరికీ థ్యాంక్సండీ. 20 లీటర్ల టబ్బు, రెండో స్పాంజి ముందు తెస్తాను, నత్తలు పెరిగాక నాలుగు. తేడా వస్తే ఏది చూడగానే విడదియ్యాలి?

గుంటూరు_నాచు:
తోక రెక్కకి చిన్న గాటు పడితే ఒక రోజు ఆగి చూడండి, అది మానుతుంది. ఒకటి పై మూలలో నీటి మట్టానికి అతుక్కుని, రంగు వెలిసి, తిండికి కిందికి రాకపోతే ఆగకండి.

పటమట_ఒక్కటేచాలు:
తరిమేదాన్ని తియ్యండి, దెబ్బ తిన్నదాన్ని కాదు. అలసినదాన్ని ఇంకా కదిలించకూడదు. వారం తర్వాత దుంగ, మాస్ జరిపి, ఆ తీసినదాన్ని రాత్రి లైటు ఆర్పాక వదిలితే ఒక్కోసారి సర్దుకుంటుంది. వల వాడొద్దు, నీటి పైకి వస్తే గాలి మింగి ఉబ్బుతుంది, ఆ గాలి అన్నిసార్లూ బయటికి రాదు. ప్లాస్టిక్ గ్లాసు నీళ్లలోనే ముంచి, చేపని అందులోకి తోలి, నీళ్లతో సహా ఎత్తండి.