సమస్యాపూరణం: "కాసు ఖర్చు లేక కడుపు నిండె"

నిర్వాహకుడు:

అందరికీ నమస్కారమండి. ఈ వారం సమస్య ఆటవెలదిలో నాలుగో పాదం, ముందున్న మూడు పాదాలూ మీరు పూరించాలి.

కాసు ఖర్చు లేక కడుపు నిండె

కొత్తవాళ్ళ కోసం నియమాలు మరోసారి. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, ఆ తర్వాత రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, అంటే అది పాదం మొదటి అక్షరంతో కలవాలి. ప్రాసయతి, అంటే వాటి బదులు వాటి పక్కనున్న రెండో అక్షరాలు కలవడం, చెల్లుతుంది, ప్రాస నియమం లేదు. సమస్య పాదంలో యతి కా-క.

నా షరతు ఒక్కటే. పద్యంలో పట్నం ఉండాలి, ఆ పట్నంలో మీరు ఇష్టంగా చేసే పని ఒకటి కనబడాలి. రాజమండ్రి అయితే మరీ సంతోషం. పల్లె స్వర్గం, పట్నం నరకం అని రాసే పద్యాలు ఇక్కడ చాలా వచ్చాయి, ఇక చాలండి. నేను ముప్పై ఏళ్ళ నుంచి ఈ ఊళ్ళోనే ఉంటున్నాను. సాయంత్రమైతే కాళ్ళు వాటంతటవే పుష్కర ఘాట్ వైపు వెళ్తాయి, సెలవు రోజున దామెర్ల రామారావు చిత్రశాలలో ఒక్క బొమ్మ ముందు అరగంట నిలబడతాను, వరద వచ్చిందంటే ధవళేశ్వరం వెళ్ళి నీళ్ళు చూడకపోతే నిద్ర పట్టదు. రామారావు గారు పుట్టిందీ హేవలాక్ వంతెన కట్టడం మొదలైందీ ఒకే సంవత్సరం, 1897. ఆయన 1925లోనే, 28 ఏళ్ళు నిండకుండానే పోయారు. వంతెన మీద రైళ్ళు 1997 దాకా నడిచాయి. ఇలాంటివి నడుస్తూ నడుస్తూ గుర్తొస్తుంటాయి, పట్నంలో ఉండటంలో నాకు నచ్చేది అదే. మీకు నచ్చేది మీరు రాయండి.

గట్టు మీద గాలి:

సంజె వేళ రేవు చల్లగాలికి నేను
మెట్టుమీద చేరి మేను మరచి
దీపకాంతు లేటి తీరమెల్లను వెల్గ
కాసు ఖర్చు లేక కడుపు నిండె

పుష్కర ఘాట్ హారతి గురించి రాశానండి. తప్పులుంటే చెప్పండి.

నిర్వాహకుడు:

గణాలు, యతులు అన్నీ సరిపోయాయి. మొదటి పాదంలో సం-చ, మూడో పాదంలో దీ-తీ బాగా కుదిరాయి. అయితే రెండు మాటలు. "మేను మరచి" అన్నప్పుడు మరిచింది మీరు, చివర్లో నిండింది కడుపు, కర్తలు వేరైపోయి అన్వయం తెగింది. "మేను మరువ" అంటే గణమూ చెడదు, అన్వయమూ నిలుస్తుంది. రెండోది అసలు సంగతి. దీపాలు చూస్తే కళ్ళు నిండుతాయి, మనసు నిండుతుంది, కడుపు ఎలా నిండింది? సమస్య అడిగిన ప్రశ్నకి జవాబు రాలేదు. పైగా ఇది ఏ ఊరి రేవైనా కావచ్చు.

దానవాయిపేట అక్క:

తమ్ముడూ, మూడో పాదం ఇలా మార్చి చూడు.

పూజ ముగిసి దొన్నె పులిహోర పెట్టగా

హారతి చూసి, పక్కనే గుళ్ళో ప్రసాదం తీసుకుని ఇంటికి వెళ్ళేవాళ్ళం, ఒకప్పుడు మాకు అలవాటు. వేడి పులిహోర పోస్తే ఆకు దొన్నె అడుగున మెత్తబడి నూనె అరచేతికి అంటేది, ఇంటికెళ్ళి చెయ్యి కడుక్కున్నా ఇంగువ వాసన పోయేది కాదు.

గట్టు మీద గాలి:

అక్కా, పద్యం ఇప్పుడు పూర్తయింది. దీపాల పాదం పోయిందని బాధగానే ఉంది గాని కడుపుకి న్యాయం జరిగింది.

దానవాయిపేట అక్క:

నా పూరణ ఇదిగోండి.

గ్రంథశాల లోని కమ్మని కథలలో
పగలు కరగిపోయె; పలుకు తేనె
జుర్రి జుర్రి నాకు చూడ నాకలి లేదు
కాసు ఖర్చు లేక కడుపు నిండె

నాళం కృష్ణారావు గారు 1898లో పెట్టిన వసురాయ గ్రంథాలయమే తర్వాత మరో గ్రంథాలయంతో కలిసి గౌతమీ గ్రంథాలయం అయింది. పెళ్ళయి ఈ ఊరు వచ్చిన కొత్తలో మధ్యాహ్నాలు నాకు అదే పుట్టిల్లు. పాత పత్రికల సంపుటాలు అడిగితే తెచ్చి బల్ల మీద పెట్టేవారు. ఆ కాగితం అంచులు గోధుమరంగుకి తిరిగి, గట్టిగా పట్టుకుంటే పెళుసుగా విరిగేవి, అందుకని పేజీని కింది మూల నుంచి కాకుండా పైనుంచి అరచేత్తో లేపి తిప్పడం అక్కడే నేర్చుకున్నాను.

నిర్వాహకుడు:

అక్కా, మొదటి రెండు పాదాలకి నమస్కారం. "పగలు కరగిపోయె" దగ్గర నేను ఆగిపోయాను. మూడో పాదంలో మాత్రం "చూడ" అనే మాట యతి కోసం వచ్చింది, "నాకు" గణం కోసం వచ్చింది. రెండూ తీసేస్తే అర్థం ఏమీ తగ్గదు, అంటే అవి వ్యర్థపదాలు. ఇలా అంటే ఎలా ఉంటుంది?

జుర్రి జుర్రి తాగ సోలె నాకలి కూడ

జు-సో యతి చెల్లుతుంది. ఆకలి లేదు అనడం కన్నా ఆకలే సోలిపోయింది అంటే మీరు చెప్పే ఆ మధ్యాహ్నం కనబడుతుంది.

దానవాయిపేట అక్క:

చాలా బాగుందండి. ఇలాగే ఉంచేస్తాను.

ఇన్నీసుపేట:

బావ తోడ రేవు బజ్జీలు రుచిచూచి
రోజుమిల్కు తాగి రోడ్డు దాటి
అడుగకుండగానె యతడె పైకమునిచ్చె
కాసు ఖర్చు లేక కడుపు నిండె

రాజమండ్రి వచ్చి రోజ్ మిల్క్ తాగకుండా వెళ్తే ఊరు వచ్చినట్టు కాదండి. మా బావ కాకినాడ నుంచి వచ్చినప్పుడల్లా మా ఇద్దరికీ ఇదే కార్యక్రమం.

నిర్వాహకుడు:

సమస్య విడిపోయింది, సందేహం లేదు. ఖర్చు బావగారిది, కడుపు మీది. "రోజుమిల్కు" రెండు సూర్యగణాలుగా ఇంత చక్కగా ఒదుగుతుందని నాకు ఇప్పటిదాకా తట్టలేదు. కానీ "తాగి రోడ్డు దాటి" అని ఒక్కచోట చదివితే వేరే అర్థం తోస్తోంది, పైగా దాటింది మీరు, పైకమిచ్చింది ఆయన. "రోడ్డు దాట" అని, దాని వెంట "నడుగకుండగానె" అని కలిపేయండి, అన్వయం కుదురుతుంది. బజ్జీలు రేవు దగ్గర తిని మెయిన్ రోడ్డు దాకా నడిచే ఆ దారి కూడా పద్యంలోకి వచ్చి ఉంటే ఇంకా బాగుండేది. వచ్చేసారి ప్రయత్నించండి.

లంక కుర్రాడు:

నమస్కారమండి, ఇక్కడ మొదటిసారి రాస్తున్నాను. మాది లంక ఊరు, చదువు కోసం వచ్చి రాజమండ్రిలో గది తీసుకుని ఉంటున్నాను. షరతు చదివాను గాని నాకు ఇలాగే వచ్చింది.

అద్దె గదికి డబ్బు, ఆటోకు డబ్బయ్యె
నీటి సీసకైన నోటు వలయు
పట్టణమున నెవరి బతుకులో నెపుడైన
కాసు ఖర్చు లేక కడుపు నిండె?

ధవళేశ్వరం మాస్టారు:

శభాష్. సమస్య పాదాన్ని ప్రశ్నగా తిప్పడం పాత పద్ధతే గాని మొదటిసారి రాసేవాడికి తట్టడం చిన్న విషయం కాదు. రెండో పాదంలో నీ-నో కి యతి కుదరదని ఎవరైనా అంటారేమో, అక్కడ ఉన్నది ప్రాసయతి, నీటి-నోటు, రెండుచోట్లా ముందు గురువే కాబట్టి నిక్షేపంగా చెల్లుతుంది. మొదటి పాదంలో "డబ్బు, ఆటోకు" అని విసంధి చేశావు, అంటే సంధి కలపాల్సిన చోట విడిగా వదిలేశావు. అక్కడ విరామం ఉంది కనుక నేనైతే పట్టించుకోను, అవధానంలో అయితే ఒప్పుకోరు.

నిర్వాహకుడు:

బాబూ, షరతు తప్పావని అననులే. నువ్వు రాసింది నిజం. నెలాఖరులో గదిలో ఉండే కుర్రాడికి పట్నం ఇలాగే కనబడుతుంది. నేనూ అలాంటి గదిలోనే రెండేళ్ళు ఉన్నాను. కానీ ఇంకొకటి రాయి. గది నుంచి బయటికొచ్చి, డబ్బు లేనప్పుడు ఎక్కడికి వెళ్తావు? అది రాయి.

కాకినాడ కోడలు:

లంక ఊరు అనగానే నాకు వేరే పద్యం వచ్చేసింది, ఇందులో పట్నం లేదు, క్షమించండి.

లంక గన్నవరము లక్ష్మియా సీతమ్మ
పిలిచి పెట్టె తల్లి వేళకాని
వేళలందు కూడ, పేదపాంథుల కెల్ల
కాసు ఖర్చు లేక కడుపు నిండె

నిర్వాహకుడు:

డొక్కా సీతమ్మ గారి మీద పద్యం వచ్చాక షరతు గురించి ఎవరు మాట్లాడతారండి. 1909లో ఆవిడ పోయారు, ఇప్పటికీ గోదావరి జిల్లాల్లో అన్నం పెట్టే చెయ్యి అంటే ఆవిడ పేరే చెబుతాం. "వేళకాని / వేళలందు" అని పాదం విరిగిన చోట మాట సాగింది చూడండి, అర్ధరాత్రి తలుపు తట్టినా లేచి వడ్డించే మనిషి కనబడుతుంది అక్కడ. పోటీకి లెక్కలోకి తీసుకోను, దాచుకుంటాను.

ధవళేశ్వరం మాస్టారు:

నా వంతు. ఇందులో కడుపు మనిషిది కాదు.

కొండ మీద కురిసె; గోదారి పొంగెను;
పిల్లవాని తోడ వెళ్ళి చూడ
నెండి బీటలైన యీ పంట కాల్వకు
కాసు ఖర్చు లేక కడుపు నిండె

మనవడిని సైకిలు మీద కూర్చోబెట్టుకుని ఆనకట్ట దగ్గరికి తీసుకెళ్ళడం నాకున్న పెద్ద విలాసం.

నిర్వాహకుడు:

మాస్టారూ, మీ పద్యానికి వంక పెట్టాలంటే కొంచెం టెన్షన్‌గానే ఉంది, అయినా అడుగుతాను. డెల్టా కాలువలు వేసవిలో కట్టేసి జూన్‌లో వదులుతారు కదా. కొండల్లో వానలు పడి గోదావరి పొంగే నాటికి, అంటే ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేసే నాటికి, కాలువ అప్పటికే నిండుగా పారుతూ ఉంటుంది. బీటలు ఎక్కడివి?

ఇన్నీసుపేట:

నాదీ ఒక సందేహం. రైతు నీటి తీరువా, అంటే సాగునీటి పన్ను, కడతాడు కదా, కాసు ఖర్చు లేక ఎలా అవుతుంది?

ధవళేశ్వరం మాస్టారు:

మొదటిది ఒప్పుకుంటాను. ఆనకట్ట నీడలో పుట్టి పెరిగి ఆ పొరపాటు చేయకూడదు నేను. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన దగ్గర నుంచి ఈ కాలువల లెక్కతోనే ఇక్కడి నాట్లు, కోతలు, పెళ్ళిళ్ళు అన్నీ నడుస్తున్నాయి. మొదటి పాదం మారుస్తున్నాను.

గేటు తీసి విడువ గెంతె గోదావరి

జూన్‌లో హెడ్ స్లూయిస్ దగ్గర నిలబడితే ముందు నీళ్ళు కనబడవు, చప్పుడు వినబడుతుంది. తర్వాత ఎండు గడ్డి, ఆకులు, చెప్పులు, అన్నీ ముందుకు తోసుకుంటూ ఎర్రటి నురగ వస్తుంది. మా మనవడు ఆ నురగ వెంట గట్టు మీద పరిగెత్తుతాడు. రెండోదానికి నా జవాబు, తీరువా కట్టేది రైతు, నిండిన కడుపు కాలువది. కాలువ ఏమీ కట్టలేదు.

నిర్వాహకుడు:

తీరువా మాట నేను ఒప్పుకున్నాను. ఇక "గెంతె గోదావరి" మొదటిదానికన్నా వెయ్యి రెట్లు బాగుంది, తప్పు పట్టినందుకు నాకు దక్కిన బహుమతి అనుకుంటాను.

లంక కుర్రాడు:

డబ్బు లేనప్పుడు ఎక్కడికి వెళ్తావు అని అడిగారు కదండీ. రేవుకి వెళ్తాను. అక్కడ పిల్లలు తాడుకి అయస్కాంతం కట్టి నీళ్ళలో వేస్తారు, రైల్లో వెళ్ళేవాళ్ళూ స్నానాలకి వచ్చినవాళ్ళూ గోదావరిలో వేసిన నాణేలు దానికి అంటుకుని వస్తాయి. వాళ్ళని చూస్తూ గంటలు గంటలు కూర్చుంటాను.

చూచి పిల్లవాడు సూదంటురాయిని
ముంచి తీయగానె మొక్కుకాసు
లంటివచ్చె రేవు నాబాలునికి నేడు
కాసు ఖర్చు లేక కడుపు నిండె

నిర్వాహకుడు:

ఇదీ నేను అడిగిన పద్యం! "సూదంటురాయి" ఎంత చక్కటి మాటండి, ఎన్నాళ్ళయింది విని. చూ-సూ యతి సహజంగా పడింది. "మొక్కుకాసు" అనే సమాసం నీ సొంతమైతే దాచుకో, ఎవరికీ ఇవ్వకు.

ధవళేశ్వరం మాస్టారు:

ఎవరో అడిగేలోగా నేనే చెబుతున్నాను, ఇప్పటి స్టీలు నాణేలు అయస్కాంతానికి అంటుకుంటాయి. మా చిన్నప్పటి రాగి పైసలు అంటేవి కావు, మునిగి తీసుకోవాల్సిందే. కాబట్టి పద్యంలో చిక్కు లేదు. చిక్కు వేరేచోట ఉంది. పిల్లవాడికి కాసులు దొరికాయి, వాటితో ఏదో కొనుక్కుని తిన్నాడు. మరి కాసు ఖర్చయినట్టే కదా? దొరికిన కాసైనా కాసే.

కాకినాడ కోడలు:

అవునండీ, పైగా ఒకసారి "పిల్లవాడు" అని మళ్ళీ "ఆ బాలునికి" అన్నారు. ఒకే మనిషి రెండుసార్లు. మూడో పాదం రెండో సగం ఖాళీగా ఉంది, అక్కడ ఇంకేదో జరగాలి.

లంక కుర్రాడు:

నిజంగా జరిగింది ఒకటి ఉందండి, పద్యంలో పట్టదేమోనని వదిలేశాను. మెట్ల పైన ఒక అవ్వ ఇడ్లీలు అమ్ముతుంది. మొన్న ఆ పిల్లాడు తడి చేతిలో నాలుగు రూపాయి బిళ్ళలు పట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళాడు. చెయ్యి చాపితే బిళ్ళల మీద ఇంకా ఇసక ఉంది. ఆవిడ వాటిని చూసి, వాడి వేళ్ళు మడిచేసి, ఆకులో మూడు ఇడ్లీలు పెట్టి పైన పచ్చడి వేసి ఇచ్చింది.

దానవాయిపేట అక్క:

అదే రాయి నాయనా! ఇడ్లీకి పాత మాట ఇడ్డెన, పద్యంలో హాయిగా ఒదుగుతుంది.

లంక కుర్రాడు:

చూచి పిల్లవాడు సూదంటురాయిని
ముంచి తీయగానె మొక్కుకాసు
లంటివచ్చె, వాని కవ్వ యిడ్డెన లిడ
కాసు ఖర్చు లేక కడుపు నిండె

నిర్వాహకుడు:

అక్షరం కూడా కదపకండి. "వాని కవ్వ" దగ్గర స్వరయతి, అంటే అచ్చుతో అచ్చు కలిసే యతి, సరిగ్గా పడింది, కాసులు చేతిలో ఉండగానే ఖర్చు లేకుండా కడుపు నిండింది, పేరు చెప్పకుండానే పట్నం ఉంది, రేవు ఉంది. ఈ వారం మొదటి స్థానం ఈ పద్యానికే. ఒక్కటి అడుగుతాను, ఆ అవ్వ డబ్బులు ఎందుకు తీసుకోలేదు?

లంక కుర్రాడు:

నేనూ అడిగానండి. "గోదారమ్మకి వేసిన డబ్బులు నాకెందుకురా, నువ్వూ కూర్చో" అని నాకూ రెండు పెట్టింది.