కిచెన్ సింక్‌లో గుడగుడ, ఆ వెంటనే వాసన: ట్రాప్ మార్చాలా, టెర్రస్ మీద క్యాప్ తీయాలా?

హైదరాబాద్‌లో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, మాది రెండో ఫ్లోర్. పైవాళ్లు సింక్ నిండా ఉన్న నీళ్లు ఒక్కసారి వదిలితే మా సింక్ గుడగుడమంటుంది, కాసేపటికి డ్రైనేజీ వాసన మొదలు. మా నీళ్లు మాత్రం చక్కగా దిగుతున్నాయి, కాబట్టి జామ్ కాదు.

సింక్‌కు జాలీ కప్లింగ్ (నీళ్లు దిగే రంధ్రానికి బిగించే జాలీ ముక్క), దాని కింద 32 ఎం.ఎం. ఫ్లెక్సిబుల్ వేస్ట్ పైపు. దాన్ని వంచి వైరుతో కట్టిన యు ఆకారమే ట్రాప్, అంటే అందులో నిలిచే నీళ్లే డ్రైనేజీ వాసనను అడ్డుకోవాలి. చివర గోడలోని 50 ఎం.ఎం. పీవీసీ ఎల్బో (వంపు ముక్క)లోకి దూర్చి, చుట్టూ వైట్ సిమెంట్ పూశారు, అదీ పగిలింది. షాఫ్ట్‌లో నిలువు పైపు 75 ఎం.ఎం. టెర్రస్ మీద దాని కొసకు ఎవరో ఎండ్ క్యాప్ బిగించేశారు! గాలి లోపలికి రాక, పైనుంచి దిగే నీళ్లు మా యులో నీళ్లను లాగేస్తున్నాయని అనుమానం. గుడగుడ అయ్యాక మగ్గుడు నీళ్లు పోస్తే వాసన తగ్గుతోంది మరి.

క్యాప్ తీసి వెంట్ కౌల్ (గాలి ఆడే జాలీ మూత) పెడితే సరిపోతుందా, లేక 50 ఎం.ఎం. లోతున నీళ్లు నిలిచే ట్రాప్ కూడా వేయాలా? ప్లంబర్ బాటిల్ ట్రాప్ (సీసాలాంటి డబ్బాలో నీళ్లు నిలిచేది) అంటున్నాడు. వాష్‌బేసిన్‌కైతే సరే, మెతుకులు, నూనె జిడ్డు పడే చోట అది తొందరగా పూడుకుపోదా? 40 ఎం.ఎం. పీ ట్రాప్ (యులా వంగి గోడలోకి వెళ్లే గట్టి పైపు) నయమనిపిస్తోంది, కానీ కప్లింగ్ నుంచి ఎల్బో మధ్యకు ఎత్తు 280 ఎం.ఎం.లే. అంతలో పడుతుందా? ఎల్బో దగ్గర సిమెంట్ బదులు రబ్బర్ రింగ్ నిలుస్తుందా?